గాజు సీసాలో ప్రైమర్లు, దిగని కేసింగులు, సోఫా మీద రీలోడింగ్

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్ కార్డు వచ్చాక షూటింగ్ రేంజికి వెళ్లడం అలవాటైంది. 9 ఎంఎం పిస్టల్, .308 ఎం1ఏ రైఫిల్ ఉన్నాయి. కాల్చిన కేసింగుల్లో (ఖాళీ తూటా గొట్టాల్లో) కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టి తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుందామని, ఈ పని మానేసిన ఒక పెద్దాయన దగ్గర సామానంతా కొన్నాను. అందులో సింగిల్ స్టేజ్ ప్రెస్, గుండ్రటి ట్రే ఉన్న పాత లీ ఆటో ప్రైమ్ (ప్రైమర్‌ని కేసింగ్‌లోకి చేత్తో నొక్కే పనిముట్టు, హ్యాండ్ ప్రైమర్), ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు ఒక వెయ్యి, ఒక గాజు సీసాలో విడిగా పోసిన ప్రైమర్లు ఉన్నాయి. కొన్ని మిలిటరీ కేసింగుల్లో ప్రైమర్ దిగడం లేదు, లీవరు గట్టిగా నొక్కవచ్చా? హ్యాండ్ ప్రైమర్ అయితే టీవీ చూస్తూ సోఫాలో చేసుకోవచ్చంటారు, నిజమేనా? హెచ్‌-1బీ మీదున్న మా బావమరిది సాయం చేస్తానంటున్నాడు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది.

సమాధానం: ముందు ఆ గాజు సీసా సంగతి తేల్చండి, మిగతావన్నీ తరవాత. దాన్ని కదపకండి. ఎన్నున్నాయో చూద్దామని ఊపకండి, ట్రేలోకి వంచకండి, కారులో పెట్టుకుని ఎక్కడికీ తీసుకెళ్లకండి. పాప అటు వెళ్లకుండా తలుపుకు తాళం వేసి, మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంటు నాన్-ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి, సీసాలో విడిగా పోసిన తూటా ప్రైమర్లు ఉన్నాయని ఇదే మాట చెప్పండి. వాళ్లు వచ్చి తీసుకెళ్తారు, లేదా ఎవరు తీసుకెళ్తారో చెప్తారు. డబ్బు పెట్టి కొన్నవి కదా అని వెనకాడొద్దు. అవి ఏ రకమో, ఎప్పటివో, నెమ్ము తగిలిందో లేదో ఏదీ తెలియని సరుకు. తెలిసినా వాడదగ్గది కాదు.

ఎందుకింత కంగారు అంటే, ప్రైమర్ చేసే పని గుర్తుపెట్టుకోవాలి. చిన్న లోహపు గిన్నె, అడుగున లెడ్ స్టిఫ్నేట్ ప్రధానంగా ఉండే కొద్దిపాటి మందు, దానిమీద యాన్విల్ అనే కాళ్లున్న బుల్లి ముక్క. తుపాకీలోని ఫైరింగ్ పిన్ గిన్నెను గుద్దితే మందు గిన్నెకూ యాన్విల్‌కూ మధ్య నలిగి పేలుతుంది, ఆ మంట తూటాలోని పౌడర్‌ని అంటిస్తుంది. దెబ్బ, రాపిడి, వేడి, స్టాటిక్ కరెంటు, వీటిలో దేనికైనా పేలవచ్చు. స్మోక్‌లెస్ పౌడర్ బయట అంటుకుంటే భగ్గున మండుతుంది. ప్రైమర్‌కి మండటం రాదు, పేలటమే. పక్కన ఇంకొకటి తగిలి ఉంటే దాన్నీ పేలుస్తుంది. దీపావళికి సీమటపాకాయ విడిగా కాల్చడానికీ సరం మొత్తం కాల్చడానికీ ఉన్న తేడా కాదిది. సరం ఒకటి తరవాత ఒకటి పేలుతుంది, ప్రైమర్లు ఒక్క దెబ్బలో కలిసి పేలతాయి. సీసాలో అయితే గాజు పెంకులు దానికి తోడు. కంపెనీలు వందేసి చొప్పున ట్రేల్లో, ఒక్కోదానికి ఒక్కో గుంట పెట్టి అమ్మేది అందుకే. ఫెడరల్ పెట్టె మిగతా కంపెనీల పెట్టెకంటే అంత పెద్దగా ఉండటానికి కారణం కూడా ప్రైమర్ల మధ్య వదిలిన ఖాళీయే.

ప్రైమింగ్ పనిముట్ల విషయంలో జాగ్రత్తలన్నీ దీన్నుంచే పుడతాయి. పంచ్ (ప్రైమర్‌ని కేసింగ్‌లోకి నొక్కే కడ్డీ) మీద ఉన్న ఒక్క ప్రైమర్ పేలితే చెవులు గింగురుమంటాయి, వేళ్లు చురుక్కుమనవచ్చు, కళ్లద్దాలు లేకపోతే కన్నుకు ముప్పు. అదే ప్రైమర్ వెనక ఇంకో తొంభై తొమ్మిది వరసగా తగులుకుని ఉంటే, ఆ ట్రే మీ అరచేతిలో ఉంటుంది. కాబట్టి ఏ పనిముట్టు కొన్నా మొదట చూడాల్సింది ధర కాదు, నొక్కే ప్రైమర్‌కీ నిలవున్న ప్రైమర్లకీ మధ్య అడ్డు ఉందా లేదా అని.

మీ దగ్గరున్న పాత లీ ఆటో ప్రైమ్‌లో ఆ అడ్డు లేదు. ట్రే వాలుగా ఉంటుంది, ప్రైమర్లు సన్నటి దారిలో ఒకదాని వెనక ఒకటి జారి పంచ్ మీదికొస్తాయి. నొక్కేటప్పుడు పంచ్ దగ్గర్నుంచి ట్రే దాకా గొలుసు తెగకుండా ఉంటుంది. తేలికైన, చేతికి ఇట్టే అలవాటయ్యే పనిముట్టు, ఎంతోమంది దానితో ఏ ఇబ్బందీ లేకుండా పని చేసుకున్నారు. కానీ ఫెడరల్ ప్రైమర్లు అందులో వాడొద్దని లీ కంపెనీయే హెచ్చరించింది. ఫెడరల్‌వి మిగతావాటికంటే తేలిగ్గా పేలతాయి. పిస్టల్, రివాల్వర్ పోటీల్లో ట్రిగ్గర్ తేలిక చేసుకున్నవాళ్లు వాటిని ఏరికోరి కొనేది ఈ గుణం కోసమే. అదే గుణం ఈ ట్రేలో పనికిరాదు. అంటే మీరు కొన్న సామానులో, ఒకదానితో ఒకటి కలపకూడని రెండు వస్తువులు ఒకే డబ్బాలో వచ్చాయి.

ఆ వెయ్యి ఫెడరల్ ప్రైమర్లు వాటి అసలు పెట్టెల్లో, పొడిగా ఉంటే పారేయక్కర్లేదు (ఎం1ఏకి మాత్రం వద్దు, కారణం కింద చెప్తాం). ప్రెస్‌కి ఉండే ప్రైమింగ్ ఆర్మ్‌తో ఒక్కొక్కటి పెట్టుకోండి. ట్రేలోంచి ఒకటి తీసి ఆర్మ్ గిన్నెలో పెట్టాలి, నొక్కాలి, కేసింగ్ పక్కన పెట్టాక ఇంకొకటి తీయాలి. నెమ్మదైన పని, నిజమే. గంటకు ఎన్ని అవుతాయన్న లెక్క దీంట్లో పెట్టుకోవద్దు. వేగం కావాలంటే ఆర్‌సీబీఎస్ యూనివర్సల్ హ్యాండ్ ప్రైమింగ్ టూల్ లాంటిది చూడండి. లీవరు నొక్కేటప్పుడు ట్రేకీ పంచ్‌కీ మధ్య గేటు అడ్డం పడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ గేటు నిజంగా కదులుతోందో లేదో ఖాళీగా పదిసార్లు నొక్కి చూడండి. ముందువాడు బిగుసుకుంటోందని దాన్ని ఊడదీసి ఉండవచ్చు.

ఇక లీవరు గట్టిగా నొక్కడం గురించి. వద్దు. ప్రైమర్ దిగకపోవడానికి కారణం బలం చాలకపోవడం కాదు.

మీ మిలిటరీ కేసింగుల అడుగున చూడండి. లేక్ సిటీ ఫ్యాక్టరీవైతే ‘ఎల్‌సీ’ అన్న అక్షరాలు, నాటో ప్రమాణం ప్రకారం చేసినవైతే వలయంలో ప్లస్ గుర్తు ఉంటాయి. మిషన్‌గన్ అదురుకి ప్రైమర్ బయటికి రాకుండా ఫ్యాక్టరీలో పాకెట్ (కేసింగ్ అడుగున ప్రైమర్ కూర్చునే గుంట) అంచును లోపలికి నొక్కి వదులుతారు. దీన్నే క్రింప్ అంటారు. పాత ప్రైమర్ తీసేశాక కూడా ఆ అంచు అలాగే నిలిచి ఉంటుంది. కొత్త ప్రైమర్ దానికి తగిలి ఒక పక్కకి ఒరుగుతుంది. మీరు బలంగా నొక్కేకొద్దీ గిన్నె నలిగి, మందు యాన్విల్‌కి రాసుకుంటుంది. ఫైరింగ్ పిన్ చేయాల్సిన పనిని మీ చెయ్యి చేస్తోందన్నమాట. ఆ అంచును స్వేజర్‌తో వెనక్కి నొక్కాలి, లేదా రీమర్‌తో గీకి తీయాలి. ఒక్కో కేసింగ్‌కి ఒక్కసారే పడే పని ఇది. రీమర్‌తో అత్యుత్సాహం వద్దు, అంచు మాత్రం పోతే చాలు. గరాటులా వెడల్పు చేస్తే ప్రైమర్ వదులై, కాల్చినప్పుడు గ్యాస్ పక్కనుంచి చిమ్ముతుంది. 9 ఎంఎంలో కూడా క్రింప్ ఉన్న మిలిటరీ కేసింగులు రేంజిలో ఏరుకున్న సరుకులో కలిసి వస్తుంటాయి, అవి చిన్నవి కాబట్టి కంటికి ఆనవు.

రెండో కారణం, సైజు. స్మాల్ ప్రైమర్ వ్యాసం 0.175 అంగుళం, లార్జ్ ప్రైమర్ 0.210. మీ 9 ఎంఎంకి స్మాల్ పిస్టల్, .308కి లార్జ్ రైఫిల్ కాబట్టి మీకు పెద్దగా తికమక ఉండదు. రేపు .45 ఏసీపీ మొదలుపెడితే మాత్రం జాగ్రత్త, ఆ కేసింగులు రెండు సైజుల పాకెట్లతోనూ వస్తాయి. స్మాల్ పాకెట్‌లోకి లార్జ్ ప్రైమర్‌ని నొక్కి పేల్చుకున్నవాళ్ల కథలు రీలోడింగ్ చేసేవాళ్ల దగ్గర కొదవ లేవు. ఇంకో సంగతి, లార్జ్ రైఫిల్ ప్రైమర్ లార్జ్ పిస్టల్ ప్రైమర్‌కంటే ఎత్తు ఎక్కువ. వ్యాసం ఒకటే కాబట్టి పిస్టల్ కేసింగ్‌లో దూరుతుంది కానీ నెత్తి బయటికి కనిపిస్తుంది. ఒక రకం ప్రైమర్లు పూర్తిగా పెట్టెలోకి వెళ్లి, పెట్టె షెల్ఫ్ ఎక్కాకే రెండో రకం బల్ల మీదికి రావాలి.

మూడోది, ప్రైమర్ తలకిందులవడం లేదా అడ్డం పడటం. హ్యాండ్ టూల్ ట్రేలో యాన్విల్ ఉన్న వైపు పైకి ఉండాలి. ట్రేని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే గీతల మీద తగిలి అన్నీ ఒకే వైపుకి తిరుగుతాయి. మూత పెట్టకముందే ఒకసారి వరసలన్నీ కళ్లతో చూడండి. నాలుగోది, లీ పాత మోడల్‌కి దానికంటూ వేరే షెల్ హోల్డర్లు (కేసింగ్‌ని పట్టి ఉంచే ముక్కలు) ఉంటాయి, ప్రెస్‌లో వాడేవి సరిపోవు. అరిగిపోయిన హోల్డర్‌లో కేసింగ్ ఒరిగి నిలబడుతుంది, ప్రైమర్ వంకరగా వెళ్తుంది.

సరిగ్గా దిగే ప్రైమర్ చేతికి ఎలా తెలుస్తుందో చెప్తాం, ఎందుకంటే ఇదొక్కటి పట్టుబడితే సగం ప్రమాదాలు దగ్గరికి రావు. లీవరు మొదట ఉత్తినే కదులుతుంది. తరవాత గిన్నె పాకెట్ గోడను పట్టుకున్నప్పుడు నున్నటి, ఒకే తీరు రాపిడి. ఆ తరవాత యాన్విల్ కాళ్లు పాకెట్ అడుగుకి తగిలి చటుక్కున ఆగినట్టవుతుంది. అక్కడ ఇంకొక్క రవ్వ ఒత్తిడి, అంతే. రాపిడి మొదట్లోనే గట్టిగా తగిలితే క్రింపో, సైజో, వంకరో అనుకోండి. ఏ రాపిడీ లేకుండా జారిపోతే పాకెట్ సాగిపోయింది, ఆ కేసింగ్ చెత్తబుట్టకే. ఈ తేడా వేళ్లకు తెలియాలంటే మందపాటి తోలు గ్లోవ్స్ పనికిరావు, పలచటి నైట్రైల్ గ్లోవ్స్ సరిపోతాయి.

గట్టిగా తగిలిన క్షణాన చేయాల్సింది ఇదీ: లీవరు వదిలేయాలి. పనిముట్టును మొహానికి దూరంగా పట్టుకుని, ముందు ట్రేని వేరు చేసి పక్కన పెట్టాలి. ఆ తరవాతే కేసింగ్‌ని హోల్డర్‌లోంచి తీయాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ట్రే నిండా ప్రైమర్లు ఉండగానే కేసింగ్‌ని అటూ ఇటూ తిప్పి పీకుతారు. దారిలో ఇరుక్కున్న ప్రైమర్‌ని పుల్లతోనో, పిన్నుతోనో, స్క్రూడ్రైవర్‌తోనో పొడవడం మరీ ఘోరం. పొడవాటి గొట్టంలో ప్రైమర్లు పేర్చుకునే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లలో జరిగే పేలుళ్లకు, గొట్టంలో ఇరుక్కున్నదాన్ని రాడ్డుతో తోయడం ఒక ముఖ్య కారణం. డిల్లన్ ప్రెస్‌లలో ఆ గొట్టం చుట్టూ ఉక్కు కవచం ఉంటుంది, పేలుడు పక్కకి కాకుండా పైకి పోవడానికి. అందుకే ఆ గొట్టం మీదుగా తల వంచి ఎన్ని మిగిలాయో చూడకూడదు.

సగం దిగి నలిగిన ప్రైమర్ ఉన్న కేసింగ్‌ని ఏం చేయాలి? అందులో పౌడర్, బుల్లెట్ లేవు కాబట్టి పెద్ద ఆపద కాదు, తొందరా లేదు. మిగతా ప్రైమర్లన్నీ బల్ల మీంచి తీసేసి, కళ్లద్దాలూ ఇయర్ మఫ్‌లూ పెట్టుకుని, ప్రెస్ మీద డీక్యాపింగ్ డైతో చాలా నెమ్మదిగా, ఒకే నిదానపు ఒత్తిడితో బయటికి నెట్టవచ్చు. కుదుపు, తట్టడం, సుత్తి ఏవీ వద్దు. అలా తీసినదాన్ని మళ్లీ వాడొద్దు. నూనెలోనో నీళ్లలోనో నానేస్తే చచ్చిపోతుందని చెప్పేవాళ్లుంటారు, నమ్మకండి. ఆరాక మామూలుగా పేలినవి ఉన్నాయి. తమాషా ఏమిటంటే, కేసింగ్‌కి రాసిన లూబ్ (జారుడు నూనె) వేలికి అంటి ప్రైమర్‌కి తగిలితే అది పేలాల్సిన చోట పేలకపోవచ్చు. నూనె తగిలిన ప్రైమర్‌ని పేలుతుందనీ నమ్మలేం, పేలదనీ నమ్మలేం.

దిగాక లోతు చూడాలి. ప్రైమర్ అడుగు కేసింగ్ అడుగుకంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండటం మామూలుగా మంచి కొలత. కాలిపర్ వెనక పుల్లతో మొదటి పదింటినీ కొలవండి, తరవాత ప్రతిదాన్నీ వేలితో తడిమితే చాలు. ఎత్తుగా తగిలితే పాకెట్‌లో మసి మిగిలిందేమో చూసి, శుభ్రం చేసి, మరోదానితో మళ్లీ మొదలుపెట్టండి. మీకు ఎం1ఏ ఉంది కాబట్టి దీని గురించి ఇంకాస్త. ఆ రైఫిల్‌లో ఫైరింగ్ పిన్ వెనక స్ప్రింగ్ ఉండదు, బోల్ట్ మూసుకున్న ప్రతిసారీ పిన్ తనంతట తాను ముందుకొచ్చి ప్రైమర్‌ని చిన్నగా తడుతుంది. కాల్చని తూటాని తీసి చూస్తే ప్రైమర్ మీద చిన్న చుక్క కనిపిస్తుంది. ప్రైమర్ ఎత్తుగా ఉన్నా, మెత్తటిదైనా, ట్రిగ్గర్ నొక్కకుండానే, బోల్ట్ పూర్తిగా లాక్ కాకముందే తూటా పేలవచ్చు. దీన్నే స్లామ్ ఫైర్ అంటారు. రైఫిల్‌కీ దాని వెనకున్న మొహానికీ మంచిది కాదు. ఎం1ఏకి ఫెడరల్ వద్దు. మిలిటరీ సెమీ ఆటోమేటిక్‌ల కోసం చేసిన సీసీఐ కంపెనీ 34 నంబరు ప్రైమర్ లాంటివి తీసుకోండి. ప్రైమర్ మారిస్తే మాన్యువల్‌లో ఉన్న మొదటి పౌడర్ కొలత దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, పాత కొలతను అలాగే వాడకూడదు. పౌడరూ బుల్లెట్టూ పెట్టేశాక ప్రైమర్ ఎత్తుగా ఉందని కనిపిస్తే దాన్ని కిందికి నొక్కే ప్రయత్నం ఎంతమాత్రం చేయొద్దు.

సోఫా మాటకొస్తే, హ్యాండ్ ప్రైమర్ కనిపెట్టిందే సోఫా కోసం అన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు. టీవీ మీద కన్నుంటే చేతికి తెలియాల్సిన ఆ రాపిడి తెలియదు. ఒళ్లో పెట్టుకుని చేస్తే ట్రే తొడల మీద ఉంటుంది, ఎక్కడ పేలుతుందో ఊహించుకోండి. కింద కార్పెట్ ఉంటే డాలస్ చలికాలపు పొడిగాలికి స్టాటిక్ తోడవుతుంది. జారిపడ్డ ప్రైమర్ కార్పెట్ పోగుల్లో దూరి రెండ్రోజుల తరవాత వాక్యూమ్ క్లీనర్‌లో తేలుతుంది, లేదా పాప చేతికి దొరుకుతుంది. గ్యారేజీలో కాంక్రీట్ నేల, మంచి దీపం, అంచు పైకి ఉన్న బల్ల, కాటన్ బట్టలు. పౌడర్ డబ్బాలు ఆ బల్ల మీద ఉండకూడదు. జడ్87 (కళ్ల రక్షణ ప్రమాణం) ముద్ర ఉన్న కళ్లద్దాలు పెట్టుకున్నాకే పెట్టె తెరవండి. ఒకసారికి వందకి మించి తీయకండి. లెక్కకి తగ్గితే దొరికేదాకా వెతకండి, చేత్తోనే తీయండి.

ట్రేలో, గొట్టాల్లో కాలక్రమేణా బూడిదరంగు పొడి చేరుతుంది. అది దుమ్ము కాదు, ప్రైమర్ల నుంచి రాలిన మందు. తడిబట్టతో తుడవాలి. పొడిగా గీకొద్దు, గాలి ఊదొద్దు. మీ టూల్ ముందు యజమాని ఎన్నేళ్లు తుడవకుండా వాడాడో ఎవరికి తెలుసు, కాబట్టి వాడబోయే ముందే ఈ పని చేయండి.

ఆ పొడిలోనూ, కాల్చిన ప్రైమర్ల మసిలోనూ సీసం ఉంటుంది. నాలుగేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో పేలుడుకంటే ఇదే రోజూ ఉండే ముప్పు. పిల్లల రక్తంలో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు చేరితేనే ఆరా తీయాల్సిన స్థాయి అని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో నిర్ణయించింది. కేసింగులు శుభ్రం చేసే టంబ్లర్ ఇంట్లో తిప్పొద్దు, గ్యారేజీలో కూడా మూత తీసేటప్పుడు తలుపు తెరిచి ఉంచండి. పని అయ్యాక చల్లటి నీళ్లూ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. ఆ బల్ల దగ్గర కాఫీ తాగడం, పల్లీలు నమలడం రెండూ బంద్. పాప రక్తపరీక్ష ఒకసారి చేయించడానికి పిల్లల డాక్టర్‌ని అడగండి.

నిలవ విషయం త్వరగా చెప్పేస్తాం. అసలు పెట్టెల్లోనే, చల్లగా, పొడిగా, పౌడర్‌కి దూరంగా. తాళం వేసిన చెక్క అలమర మంచిది, పలకలు అంగుళం మందం ఉండాలి. గట్టిగా మూసుకునే ఇనప డబ్బాలో, గన్ సేఫ్‌లో పెడితే అగ్నిప్రమాదంలో అదే బాంబు అవుతుంది. అమెరికాలో చాలాచోట్ల పాటించే, అగ్నిభద్రత సంస్థ ఎన్ఎఫ్‌పీఏ చేసిన 495 నంబరు ప్రమాణం ఇళ్లలో 10,000 ప్రైమర్ల వరకు ఒప్పుకుంటుంది. మీ సిటీ ఫైర్ కోడ్, ఇంటి ఇన్సూరెన్స్ అంతకంటే తక్కువ చెప్తే అదే లెక్క.

మీ బావమరిది సాయం వద్దు. ఇది మొహమాటపడే విషయం కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌-1బీ, ఎఫ్‌-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీదున్నవాళ్లు తుపాకీ గానీ, అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఆ చట్టంలో అమ్యూనిషన్ అంటే పూర్తి తూటా ఒక్కటే కాదు, కేసింగ్, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ విడివిడిగా కూడా అమ్యూనిషనే. ఆయన ఒళ్లో ట్రే పెట్టుకుని కూర్చుంటే గ్రీన్ కార్డు దారికే అడ్డం పడవచ్చు. ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగమనండి. మీవరకు, సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. చేసి అమ్మే వ్యాపారానికి కావాలి. రేంజిలో స్నేహితుడు ఓ పెట్టె చేసిపెట్టమని డబ్బిస్తే తీసుకోకండి.

ఇండియాకి ప్రయాణమైతే, రేంజికి తీసుకెళ్లే బ్యాగునీ విమానమెక్కే బ్యాగునీ ఎప్పుడూ ఒకటి చేయొద్దు. ప్రైమర్లను చెక్-ఇన్‌లో కూడా విమానం ఎక్కనివ్వరు. బ్యాగు మూలన మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి కనిపించినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు, తెలియక వచ్చిందని కోర్టులో చెప్పుకునేసరికి సెలవులు అయిపోతాయి. బయల్దేరే ముందు జేబులన్నీ, అడుగున లైనింగుతో సహా, తిరగేసి దులపండి.